ధనుష్కోటి రైల్వే స్టేషన్ ఎందుకు కట్టారు, మళ్ళీ ఎందుకు కట్టలేదు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. రామేశ్వరం దీవి కొసన, ఊరంటూ లేని ధనుష్కోటి ఇసుక తిన్నె చివర రైల్వే స్టేషన్ ఎందుకు కట్టారు? 1964 తుఫాను వల్లే అది మూతపడిందా? మళ్ళీ అక్కడికి రైలు వస్తుందా? రామేశ్వరం యాత్రికుల కోసమే ఆ స్టేషన్ కట్టారని మీ నాన్నగారు అన్నారని కూడా రాశారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది అలాగే అనుకుంటారు. నేను రైల్వేలో ట్రాక్ పనులు చూసి రిటైరైనవాణ్ణి. ఆ లైను గురించి దొరికిందల్లా చదివాను, అక్కడికి వెళ్ళి చూశాను కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా అసలు సంగతి చెప్తాను. ధనుష్కోటి స్టేషన్‌ను ఊరి కోసం కట్టలేదు, గుడి కోసమూ కట్టలేదు. ఓడ కోసం కట్టారు. యాత్రికులు దాన్ని వాడుకున్న మాట నిజమే కానీ, ఆ పట్టాలు అంత దూరం వెళ్ళడానికి కారణం వాళ్ళు కాదు. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

1914కు ముందు మద్రాసు నుంచి కొలంబో వెళ్ళేవాళ్ళు రైల్లో తూత్తుకుడి దాకా పోయి అక్కడ స్టీమరు ఎక్కేవారు. దాదాపు 150 మైళ్ళ సముద్ర ప్రయాణం. మ్యాపు తీసి చూస్తే మాత్రం పాంబన్ దీవి (రామేశ్వరం ఉన్న దీవే) తూర్పు కొస నుంచి సింహళం, అంటే ఇప్పటి శ్రీలంక, వైపు తలైమన్నార్‌కు మధ్య ఉన్నది 22 మైళ్ళే, అంటే మన లెక్కలో 35 కిలోమీటర్లు. ఇంత దగ్గర దారి కళ్ళ ముందు ఉంటే రైల్వే వాళ్ళు ఊరుకోరు కదా. సింహళంలో టీ తోటలు అప్పటికే బాగా పెరిగాయి. వాటిలో పనికి తమిళ జిల్లాల నుంచి వేలాది మంది వెళ్తున్నారు. బియ్యం వెళ్తోంది, టపా వెళ్తోంది, దొరలు తిరుగుతున్నారు. సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీకి ఇది మంచి వ్యాపారం.

మొదట్లో ఇంకా పెద్ద ఆలోచన ఉండేది. మనం రామసేతువు అనే ఆ ఇసుక దిబ్బల వరస మీదుగా కట్ట పోసి రైలును నేరుగా సింహళంలోకి తీసుకెళ్ళాలని. దానికి సర్వే కూడా చేశారు. ఖర్చు చూసి వెనకాడారు, ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, అంతటితో ఆ మాట ఆగిపోయింది. ఇక్కడ జనం పెద్దగా పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. మన వైపు ఆ లైను మీటర్ గేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువ), సింహళంలో మెయిన్ లైన్లు బ్రాడ్ గేజ్ (దూరం ఎక్కువ). వంతెన కట్టినా మద్రాసు బండి కొలంబో దాకా వెళ్ళేది కాదు, ఎక్కడో ఒకచోట దిగి బండి మారాల్సిందే. ఎలాగూ మారాలి కాబట్టి ఆ మారడం మధ్యలో ఓడ పెట్టారు. మన వైపు ఆ మారే చోటే ధనుష్కోటి, అవతలి వైపు తలైమన్నార్.

దానికోసం ముందు సముద్రం మీద పాంబన్ వంతెన కావాలి. 1911లో పని మొదలుపెట్టి 1914 ఫిబ్రవరి 24న తెరిచారు. రెండు కిలోమీటర్ల పైన పొడవు, 145 దాకా గర్డర్లు, అంటే స్తంభాల మీద ఆనించే ఇనుప దూలాలు. ఓడలు పోవడానికి మధ్యలో రెండు రెక్కలుగా పైకి లేచే స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) ఒకటి, షెర్జర్ అనే ఇంజనీరు డిజైన్. ఆ రెక్కల్ని లేపడానికి మోటారు లేదు. రెండు వైపులా మనుషులు నిలబడి పొడవాటి కడ్డీలు పట్టుకుని గుండ్రంగా నడుస్తూ పళ్ళచక్రాల్ని తిప్పేవారు. వందేళ్ళకు పైగా అలా మనిషి బలంతోనే అది తెరుచుకుంది, మూసుకుంది. ఉప్పుగాలిలో అంతకాలం అది పని చేసిందంటే దాని వెనక ఎందరు గ్యాంగ్‌మన్లు, పెయింటర్లు, ఫిట్టర్లు రోజూ పని చేశారో ఊహించండి. ఆ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాకు ఆ వంతెన గురించి తలచుకుంటే ముందు వాళ్ళే గుర్తొస్తారు.

వంతెన దాటాక పాంబన్ జంక్షన్. అక్కడ లైను రెండుగా చీలేది. ఒకటి రామేశ్వరానికి, రెండోది దీవి తూర్పు కొసన ఉన్న ధనుష్కోటికి, సుమారు 24 కిలోమీటర్లు. ఈ రెండింటిలో రామేశ్వరం లైనే చిన్న బ్రాంచి. మెయిల్ బండి వెళ్ళింది ధనుష్కోటికి. యాత్రికుల కోసమే వేసి ఉంటే ఈ లెక్క తిరగబడి ఉండేది. మీ నాన్నగారికి ఈ ఒక్క మాట చెప్పండి, ఆయనకు విషయం అర్థమైపోతుంది.

ఆ మెయిల్ బండి పేరే బోట్ మెయిల్. మద్రాసు ఎగ్మోర్‌లో కొలంబోకు ఒకటే టికెట్ తీసుకోవచ్చు. రైలు దిగి, కస్టమ్స్ తనిఖీ అయ్యాక స్టీమరు ఎక్కి, తలైమన్నార్ జెట్టీ మీద ఆగి ఉన్న సింహళం రైలెక్కడమే. స్టీమర్లకు కర్జన్, ఎల్జిన్, హార్డింజ్ అని వైస్రాయిల పేర్లు పెట్టారు. తర్వాతి కాలంలో ఇర్విన్, గోషెన్ అనేవి నడిచాయి. ఈ రాకపోకలను ఆనుకునే ధనుష్కోటిలో రైల్వే క్వార్టర్లు, రైల్వే ఆసుపత్రి, పోస్టాఫీసు, కస్టమ్స్ ఆఫీసు, పోర్టు ఆఫీసు, బడి అన్నీ వచ్చాయి. అంతకుముందు అక్కడ ఉన్నది జాలరుల గుడిసెలే. స్టేషన్ కోసం ఊరు పెరిగింది గానీ ఊరి కోసం స్టేషన్ రాలేదు.

పాత ఫోటోల్లో టోపీలు పెట్టుకున్న దొరలు, సామాను మోసే కూలీలు కనిపిస్తారు. ఆ ఓడలు ఎక్కినవాళ్ళలో పెద్ద భాగం మాత్రం టీ తోటలకు వెళ్ళే కూలీ కుటుంబాలు. వాళ్ళు నేరుగా ధనుష్కోటికి వచ్చేవారు కాదు. వంతెనకు ఇవతల మండపంలో సింహళ ప్రభుత్వం నడిపిన క్యాంపు ఉండేది. ప్లేగు, కలరా అవతలికి పాకకూడదని వాళ్ళను అక్కడ ఉంచి, పరీక్షలు చేసి, అప్పుడు పంపేవారు. ఇప్పటికీ అక్కడి ఒక స్టేషన్ పేరు మండపం క్యాంప్. బోట్ మెయిల్ వైభవం గురించి రాసేవాళ్ళు ఈ సంగతిని ఒక్క ముక్కలో దాటేస్తారు. ఆ లైనుకు బతుకుతెరువు ఆ కూలీ జనమే అని నా అభిప్రాయం.

మనవాళ్ళ సంగతికి వస్తే, కాశీ రామేశ్వరం యాత్ర చేసే తెలుగు కుటుంబాలకు సేతుస్నానం తప్పనిసరి. మహోదధి (బంగాళాఖాతం), రత్నాకరం (హిందూ మహాసముద్రం) కలిసే చోట మునిగి, అక్కడి ఇసుక తీసుకుని కాశీలో గంగలో కలపడం ఆచారం. దానికి పూర్వం ఇసుకలో నడిచో, పడవలోనో పోవాలి. రైలు వచ్చాక ఆ కష్టం తగ్గింది. కాబట్టి మీ నాన్నగారి మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఆ లైను గురించి ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరం దగ్గర బండి ఆగడం మానేసింది. రామేశ్వరం రోడ్డు దగ్గర నడుస్తున్న బండిలోంచే న్యూస్ పేపర్ల కట్టలు కిందికి విసిరేవారు. వాటిని ఏరి పంచే పనిలో సాయపడ్డ కుర్రాడు అబ్దుల్ కలాం. అదే తన మొదటి సంపాదన అని ఆయనే చెప్పుకున్నారు. ఆ కట్టలు పడింది ఈ ధనుష్కోటి లైను మీదే.

ఇక తుఫాను. 1964 డిసెంబరు 17న అండమాన్ సముద్రానికి దక్షిణాన అల్పపీడనంగా మొదలైంది. భూమధ్యరేఖకు అంత దగ్గర్లో పుట్టిన వాయుగుండం అంత బలపడడం అరుదు. 22న సింహళం ఉత్తర భాగాన్ని దాటి, ఆ రాత్రి ధనుష్కోటి మీదికి వచ్చింది. గాలి వేగం గంటకు 280 కిలోమీటర్లు అని అంచనా వేశారు. అయితే అక్కడ ప్రాణాలు తీసింది గాలికన్నా ఉప్పెన. 1977 దివిసీమ గుర్తున్నవాళ్ళకు ఉప్పెన అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పాక్ జలసంధి వైపు సముద్రం లోతు చాలా తక్కువ. గాలి తోసిన నీరు కిందికి పోయే వీల్లేక పైకి లేస్తుంది. 7 మీటర్ల దాకా లేచిందంటారు. ఆ తిన్నె ఎత్తు చాలా తక్కువ, వెడల్పూ తక్కువ, రెండు పక్కలా సముద్రమే. పారిపోవడానికి దిక్కు లేదు.

పాంబన్ నుంచి ధనుష్కోటికి వెళ్ళే 653 నంబరు ప్యాసింజరు ఆ రాత్రి 11.55కు బయల్దేరింది. లెక్కలో ఉన్నవాళ్ళు 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. స్టేషన్‌కు కొన్ని వందల గజాల దూరంలో ఉండగా అల వచ్చి బండి మొత్తాన్ని కప్పేసింది. ఒక్కరూ మిగల్లేదు. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళను కలిపితే సంఖ్య ఇంకా ఎక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. సిగ్నల్ పడకపోతే డ్రైవరు చాలాసేపు ఆగాడని, చివరికి గట్టిగా కూత వేసి తెగించి ముందుకు పోనిచ్చాడని యూట్యూబ్ వీడియోల్లో కథలు కథలుగా చెప్తారు. దయచేసి వాటిని ఆధారం చేసుకుని ఆ డ్రైవరును తప్పు పట్టకండి. ఇంజన్ మీద ఏం జరిగిందో చెప్పడానికి బండిలో ఎవరూ బతికి లేరు. తంతి తెగిపోయి, చీకట్లో, ఆ గాలిలో, ముందుకూ వెనక్కూ సముద్రమే ఉన్న కట్ట మీద ఆగి ఉన్న మనిషికి సరైన నిర్ణయం అంటూ ఏముంటుంది? ఆగినా ముంచేది, కదిలినా ముంచేది.

ఉప్పెన నీరు రైలు కట్టను ఎలా తినేస్తుందో ఉద్యోగంలో చూశాను కాబట్టి చెప్తాను. ముందు కంకర కొట్టుకుపోతుంది. కింద మట్టి, ఇక్కడైతే ఇసుక, కరిగి జారిపోతుంది. పట్టాల కింద అడ్డంగా వేసే చెక్క స్లీపర్లు తేలడం మొదలుపెడతాయి. పట్టాలు వాటికి బిగించే ఉంటాయి కాబట్టి ఊడిపోవు, స్లీపర్లతో సహా నిచ్చెనలా లేచి మెలి తిరిగి పక్కకు పడతాయి. ఆ లైను మీద మైళ్ళ కొద్దీ అదే జరిగింది. సమాచారం అందే దారే లేకపోవడంతో బండి పోయిందన్న సంగతి రైల్వే హెడ్ క్వార్టర్సు బయటపెట్టడానికే రెండు రోజులు పట్టింది. మొత్తం మీద ఆ దీవిలో, చుట్టుపక్కల 1,800 మందికి పైగా చనిపోయారని లెక్క. రామేశ్వరంలో వందలమంది గుడిలో తలదాచుకుని బతికారు. మన మహానటి సావిత్రి గారు, జెమినీ గణేశన్ గారు కూడా ఆ రాత్రి రామేశ్వరంలోనే ఉన్నారు.

తర్వాత జరిగినదాన్ని బట్టే మీ రెండో ప్రశ్నకు జవాబు తేలుతుంది. తుఫానుకు పాంబన్ వంతెన కూడా దెబ్బతింది. గర్డర్లలో 126 సముద్రంలో పడిపోయాయి. పైకి లేచే ఆ షెర్జర్ స్పాన్ మాత్రం నిలబడింది. బాగు చేయడానికి రైల్వే మొదట ఆరు నెలలు గడువు అనుకుంది, తర్వాత మూడు నెలలకు తగ్గించింది. పని అప్పజెప్పింది ఎవరికంటే 32 ఏళ్ళ ఇ. శ్రీధరన్‌కు, తర్వాత ఢిల్లీ మెట్రో కట్టించినాయనే. ఆయన మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవారే. కొత్త గర్డర్లు ఎక్కడెక్కడినుంచో తెప్పించాలని చూస్తుండగా, పడిపోయినవి సముద్రం అడుగున ఫలానా చోట ఉన్నాయని జాలరుల ద్వారా తెలిసింది. వాటినే పైకి లాగి మళ్ళీ ఎక్కించారు. 46 రోజుల్లో వంతెన మీద రైలు నడిచింది.

అంటే రైల్వేకు చేతకాక ధనుష్కోటిని వదిలేయలేదు. సముద్రం మీద 126 గర్డర్లు ఎక్కించినవాళ్ళకు ఇసుక మీద 24 కిలోమీటర్ల కట్ట పోయడం ఒక లెక్క కాదు. వంతెన ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఆ రోజుల్లో రామేశ్వరం దీవికి నేల మీది దారి అదొక్కటే. రోడ్డు వంతెన 1988లో గానీ రాలేదు. వేలాది యాత్రికులు, దీవి జనం దాని మీదే బతుకుతున్నారు. ధనుష్కోటి లైనుకు అలా అడిగే జనం మిగల్లేదు. అది మనుషులు ఉండడానికి పనికిరాని చోటని ప్రభుత్వం ప్రకటించింది. ఓడ కోసమే అయితే జెట్టీ ఎలాగూ పోయింది, ఎలాగూ కొత్తది కట్టాలి. దాన్ని కాస్త రక్షణ ఉన్న రామేశ్వరంలోనే కడితే సరిపోతుంది. అదే చేశారు. తర్వాత ఇరవై ఏళ్ళ దాకా ఓడ రామేశ్వరం నుంచే తలైమన్నార్‌కు నడిచింది. ఓడ ఇటు జరిగేసరికి స్టేషన్‌కు పని లేకుండా పోయింది.

అసలు రాకపోకల తీరే అప్పటికి మారిపోతోంది. స్వాతంత్ర్యం వచ్చాక రెండు దేశాల మధ్య పాస్‌పోర్టులు, వీసాలు వచ్చాయి. సింహళ ప్రభుత్వం తోటల్లో పనిచేసే భారత సంతతి వాళ్ళలో చాలామందికి పౌరసత్వం ఇవ్వలేదు. తుఫానుకు రెండు నెలల ముందే, 1964 అక్టోబరు 30న, మన ప్రధాని శాస్త్రి గారికి, సింహళ ప్రధాని సిరిమావో బండారనాయకేకు మధ్య ఒప్పందం జరిగింది. 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలని. ఒకప్పుడు అటు పనికి వెళ్ళిన కుటుంబాల పిల్లలు, మనవలు అదే దారిలో వెనక్కి వచ్చారు, కాకపోతే దిగింది ధనుష్కోటిలో కాదు, రామేశ్వరంలో. తర్వాత శ్రీలంకలో ఘర్షణలు ముదిరి 1980ల్లో ఆ ఓడ కూడా ఆగిపోయింది. తుఫాను రాకపోయినా మరో ఇరవై ఏళ్ళకు ధనుష్కోటి స్టేషన్ ఖాళీ అయ్యేదే అని నా నమ్మకం. అంతమంది ప్రాణాలు మాత్రం నిలిచేవి.

తలైమన్నార్ వైపు కథ వేరేలా నడిచింది. అంతర్యుద్ధంలో అక్కడి లైను పూర్తిగా పాడైపోయింది. మన రైల్వే శాఖ కింద ఉండే ఇర్కాన్ సంస్థే దాన్ని మళ్ళీ వేసింది. 2015 మార్చిలో రైలు మళ్ళీ తలైమన్నార్ పియర్ స్టేషన్ దాకా వచ్చింది. ఆ లైను మీద ఊళ్ళు ఉన్నాయి, ఎక్కేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఓడ లేకపోయినా రైలు నడుస్తోంది. ఒకే ఓడకు రెండు ఒడ్డుల్లో కట్టిన రెండు స్టేషన్లలో ఒకటి బతికింది.

మూడో ప్రశ్న, మళ్ళీ రైలు వస్తుందా. 2019 మార్చి 1న రామేశ్వరం నుంచి ధనుష్కోటికి 17.2 కిలోమీటర్ల కొత్త లైనుకు శంకుస్థాపన జరిగింది. అప్పటి అంచనా 208 కోట్లు. పర్యావరణం దెబ్బతింటుందని తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకోలేదు, పని ముందుకు సాగలేదు. ఇందులో నేను తమిళనాడు వైపే. అక్కడ ఊరు లేదు, ఓడ లేదు. వెళ్ళేవాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే యాత్రికులు, టూరిస్టులు. వాళ్ళకు 2017లో వేసిన రోడ్డు ఉంది, తిన్నె చివర ఉన్న అరిచల్ మునై దాకా బస్సు పోతుంది. ఎటు కదులుతాయో తెలియని తిన్నెల మీద, ఒకసారి అంత జరిగిన చోట, మళ్ళీ కట్ట పోసి వందలమందిని రైల్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళడానికి గట్టి కారణం ఉండాలి. చూడముచ్చటగా ఉంటుందన్నది నాకు చాలినంత కారణంగా కనిపించదు. 2025 ఏప్రిల్ 6న తెరిచిన కొత్త పాంబన్ వంతెన రామేశ్వరం కోసం కట్టింది, దాన్ని చూసి ధనుష్కోటికి కూడా రైలు వస్తోందని కొందరు పొరబడుతున్నారు.

అన్నట్టు, చెన్నై ఎగ్మోర్ నుంచి రామేశ్వరం వచ్చే ఒక రాత్రి బండిని ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. ఈసారి వెళ్ళేటప్పుడు వీలైతే దానికే రిజర్వేషన్ చేయించండి, మీ నాన్నగారు సంతోషిస్తారు.

అక్కడ దిగాక ఏం చూడాలో కూడా చెప్తాను. అందరూ ఫోటోలు దిగే పెద్ద శిథిలం చర్చి, పగడపు రాళ్ళతో కట్టినది. దాన్నే స్టేషన్ అనుకుని చాలామంది వెనక్కి వచ్చేస్తారు. స్టేషన్ తాలూకు గోడల ముక్కలు, రైల్వే నీళ్ళ ట్యాంకు శిథిలం వేరే చోట ఉన్నాయి. అక్కడ చేపలు అమ్ముకునేవాళ్ళను అడిగితే చూపిస్తారు. గోడలు ఎక్కకండి, అవి ఎప్పుడు పడతాయో తెలియదు. తుఫానులో చనిపోయినవాళ్ళకు కట్టిన స్మారకం కూడా అక్కడే ఉంది, దాని దగ్గర కాసేపు ఆగండి. పొద్దున్నే బయల్దేరితే మంచిది, సాయంత్రం అయ్యాక పోలీసులు ఎవరినీ లోపల ఉండనివ్వరు. నాన్నగారు వెంట ఉంటే మంచినీళ్ళు, టోపీ తీసుకెళ్ళడం మరిచిపోకండి, ఆ ఇసుకలో నిలబడడానికి చెట్టు నీడ దాదాపు ఉండదు.